పులిజూదం ఆటకు స్టీమ్ కవర్: పెద్దగా చూస్తే బాగుంది, చిన్నగా చూస్తే ఏమీ తెలియడం లేదు

గుడిఅరుగు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేనూ నా మిత్రుడూ కలిసి రెండేళ్లుగా పులిజూదం ఆధారంగా ఒక కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నాము. ప్రోగ్రామింగ్ అంతా అతనిది. బొమ్మలు, కథ, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో మా ఆటకున్న స్టోర్ పేజీ పనులు నావి. పులిజూదం ఆడనివారి కోసం రెండు మాటలు చెబుతాను. త్రిభుజాకారపు పటం మీద గీతలు కలిసే చోట్ల 23 కూడళ్లు ఉంటాయి. ఒకరు 3 పులులను, ఇంకొకరు 15 మేకలను నడుపుతారు. పులి తన పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ కూడలికి దూకి దాన్ని చంపుతుంది. మేకలు దూకలేవు; కానీ నాలుగు వైపులా చేరి మూడు పులులకూ కదలడానికి దారి లేకుండా కట్టివేస్తే గెలుపు వాటిదే. మా ఊరి గుడి మండపంలో నేలబండ మీద ఈ పటం చెక్కి ఉంది. చింతగింజలను మేకలుగా, గులకరాళ్లను పులులుగా పెట్టి మా తాతగారు నాకు అక్కడే ఈ ఆట నేర్పారు.

మా ఆటలో ఆటగాడు ఎప్పుడూ మేకల పక్షమే. ఒక్కో ఊరికి ఒక్కో పటం ఉంటుంది. ముందుకు వెళ్లేకొద్దీ పటాల ఆకారాలు మారుతాయి, పులుల స్వభావాలూ మారుతాయి. తొందరపడే పులి ఒకటి, కాచుకుని కూర్చునే పులి ఒకటి, ఇలా. ఆలోచించి నెమ్మదిగా ఆడవలసిన ఆట.

స్టోర్ పేజీ తెరిచి నాలుగు నెలలైంది. పేజీలోకి వచ్చినవారిలో విష్‌లిస్ట్‌లో, అంటే తరువాత కొనాలనుకునే ఆటల జాబితాలో, చేర్చుకుంటున్నవారు తక్కువేమీ కాదు. డెమో ఆడినవారు మంచి మాటలే రాశారు. అసలు పేజీలోకి వచ్చేవారే తక్కువ. స్టీమ్ ఇచ్చే ట్రాఫిక్ నివేదికలో మా కవర్, అంటే దుకాణం జాబితాల్లో ఆటకు గుర్తుగా కనిపించే బొమ్మ, ఎన్నిసార్లు ఎవరి కంటపడిందో, అందులో ఎన్నిసార్లు నొక్కారో కనిపిస్తుంది కదా. ఆ రెండింటి మధ్య దూరం చూస్తే, మా బొమ్మ కంటపడుతోంది గాని ఎవరినీ ఆపడం లేదని అర్థమవుతోంది.

ఇప్పుడున్న కవర్ ఎలా ఉందో చెబుతాను. ఆటలోని ఒక దృశ్యాన్ని పైనుంచి తీసుకున్నాను. నల్లరాతి పటం మొత్తం కనిపిస్తుంది, దాని మీద పద్దెనిమిది కాయలూ ఉంటాయి. వెనుక గోపురం, ఒక పక్క మర్రిచెట్టు, సాయంకాలపు నీడలు. పైన రామభద్ర ఫాంటులో తెలుగు పేరు, దాని కింద అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఆ కింద ‘మన ఊరి అరుగు మీది ఆట’ అనే ఒక వాక్యం, మూలన ‘డెమో సిద్ధం’ అన్న ముద్ర. కంప్యూటర్ తెర నిండా చూసినప్పుడు నాకు తృప్తిగానే అనిపించింది. వెతుకులాట ఫలితాల జాబితాలో చూస్తే మాత్రం నల్లటి మరక మీద ఏవో చుక్కలు ఉన్నట్టుంది.

నా సందేహాలు ఇవి. ఈ బొమ్మనే సరిదిద్దుకోవచ్చా, లేక మళ్లీ మొదలుపెట్టాలా? గర్జిస్తున్న పులి ముఖాన్ని పెద్దగా పెడితే సరిపోతుందా? పేరు తెలుగు లిపిలో ఉంచాలన్నది నా బలమైన కోరిక, అది పొరపాటవుతుందా? చిత్రకారులకు ఇవ్వడానికి కొంత డబ్బు విడిగా పెట్టుకున్నాము, కానీ వారికి ఏమని చెప్పి పని అప్పగించాలో తెలియడం లేదు.

రంగులపెట్టె ఇచ్చిన సమాధానం:

గుడిఅరుగు గారికి నమస్కారం. నేను పుస్తకాలకు ముఖచిత్రాలు వేస్తాను. కొంతకాలంగా చిన్న బృందాల ఆటలకూ కవర్లు వేస్తున్నాను. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. మీరు బొమ్మను తెర నిండా పెట్టుకుని వేశారు, చూసేవారు దాన్ని తపాలా బిళ్ల అంత సైజులో చూస్తున్నారు.

స్టీమ్ ప్రస్తుతం అడుగుతున్న కొలతలను (అన్నీ పిక్సెళ్లలో, ముందు వెడల్పు, తరువాత ఎత్తు) ఒకసారి ఎదురుగా పెట్టుకోండి. స్టోర్ పేజీ పైభాగంలోనూ సిఫార్సుల వరుసల్లోనూ కనిపించే హెడర్ 920×430. మొదటి పేజీలో పెద్దగా తిరిగేది 1232×706. పండగ అమ్మకాల సమయంలో కనిపించే నిలువు బొమ్మ 748×896. జాబితాల్లో కనిపించే చిన్నది 462×174. ఈ చివరిదాన్ని స్టీమ్ తనంతట తాను ఇంకా కుదించి 184×69గా, 120×45గా కూడా వాడుకుంటుంది. అంటే మీ ఆటను మొదటిసారి చూసే మనిషికి మీరిచ్చిన చోటు నలభై అయిదు పిక్సెళ్ల ఎత్తు. పద్దెనిమిది కాయలు, గోపురం, మర్రిచెట్టు, నాలుగు వరుసల రాత ఆ ఎత్తులో ఇమడవు. కాబట్టి సరిదిద్దడం కాదు, మళ్లీ మొదలుపెట్టమనే చెబుతాను; ఈసారి 120×45 నుంచి మొదలుపెట్టండి. ఆ చిన్న పెట్టెలో బొటనవేలితో అద్దినట్టు రెండు మూడు రంగుల ముద్దలతో ఒక కూర్పు పట్టుకుని, అది నిలబడ్డాకే పెద్దది చేసి వివరాలు నింపుకోవాలి. పెద్ద బొమ్మ వేసి కుదిస్తే ఏది మిగులుతుందన్నది అదృష్టం మీద ఆధారపడుతుంది.

రెండో సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. ఆట లోపల ఎలా ఉంటుందో చూపించడానికి స్క్రీన్‌షాట్లు ఉన్నాయి, ట్రైలర్ ఉంది. కవర్ ఆ పని చేయనక్కరలేదు. ఇది ఏ తరహా ఆట, ఇందులోకి వస్తే నాకు ఏ అనుభవం దొరుకుతుంది అన్న రెండింటికి కవర్ ఒక్క చూపులో జవాబు చెప్పాలి. రోడ్డు మీద వెళ్లే బస్సు కిటికీలోంచి సినిమా వాల్‌పోస్టరు చూసినవారికి కథ తెలియదు. కానీ అది కుటుంబ కథో, దెబ్బలాటల సినిమానో, దెయ్యం సినిమానో బస్సు మలుపు తిరిగేలోగా తెలిసిపోతుంది. ముఖం ఎంత పెద్దది, చూపు ఎటు, రంగు వెచ్చనిదా చల్లనిదా, అక్షరాలు గుండ్రనివా కోసువా అన్నవే ఆ మాట చెబుతాయి.

అందుకే గర్జించే పులి వద్దంటాను. కోరలు బయటపెట్టిన పులి ముఖం చూసిన మనిషి వేట ఆట అనుకుంటాడు, లేదా పులిగా మారి పరుగెత్తే ఆట అనుకుంటాడు. అటువంటివారు నొక్కి లోపలికి వస్తారు, గీతల పటం చూసి వెనక్కి వెళ్లిపోతారు. నిదానంగా ఆలోచించే ఆటలు ఇష్టపడేవారు మాత్రం ఇది తమది కాదనుకుని అసలు నొక్కరు. నొక్కినవారి లెక్క పెరిగినంత మాత్రాన మంచి కవర్ అయిపోదు. నొక్కినవారిలో ఎందరు విష్‌లిస్ట్‌లో చేర్చుకున్నారన్నది కూడా పక్కన పెట్టుకుని చూడాలి. మీ పేజీలోకి వచ్చినవారు ఆగుతున్నారని మీరే రాశారు, కాబట్టి కొత్త కవర్ ఆ మనుషులనే ఇంకా ఎక్కువమందిని తీసుకురావాలి గాని వేరే మనుషులను కాదు.

ఇప్పుడు మీ ఆట గురించి ఆలోచిద్దాం. బలహీనులు పదిహేనుమంది కలిసి బలవంతుణ్ణి కదలనివ్వకుండా చేయడమే మీ ఆటలోని రసం. అటువంటప్పుడు బొమ్మలో పులి భయపెట్టకూడదు, ఇరుక్కోవాలి. ముందువైపు మూడు నాలుగు మేకల వీపులు, కొమ్ములు, చెవులు ముదురు నీడలుగా ఉండి, వాటి మధ్యలోంచి పులి ముఖం కనిపిస్తే, అది పక్కకు చూస్తూ దారి వెతుక్కుంటుంటే, ఇక్కడ బుద్ధిబలం పని చేసిందని ఎవరికైనా అర్థమవుతుంది. పులి నిలబడ్డ బండ మీద పటం గీతలు మూడో నాలుగో ముందునుంచి పులి వైపు పోయి కలిసేటట్టు గీయిస్తే, ఇది పటం మీది ఆట అన్న సంగతీ తెలుస్తుంది, చూసేవారి కన్నూ నేరుగా పులి ముఖం దగ్గరికే పోతుంది. పటం మొత్తం చూపించనక్కరలేదు.

ఒకే ఒక్క ఆకారం ఎంత పని చేస్తుందో చూడాలంటే 2017లో వచ్చిన హాలో నైట్ ఆటను గుర్తుచేసుకోండి. రెండు కొమ్ములున్న తెల్లటి ముసుగు ముఖం, అందులో రెండు నల్లటి కళ్లు. ఎంత కుదించినా ఆ ముఖం ఆ ముఖమే. చారలున్న ముఖం, రెండు గుండ్రని చెవులు మీకు ప్రకృతే ఇచ్చింది. చారల లెక్క తగ్గించి, నాలుగైదు మందపాటి గీతలుగా ఉంచమని చిత్రకారులతో చెప్పండి.

రంగుల విషయం. స్టీమ్ పేజీ నేపథ్యం ముదురు నీలం. మీ నల్లరాయి, సాయంకాలపు నీడలు ఆ నీలంలో కలిసిపోయి బొమ్మకు అంచే లేకుండా పోతోంది. పొద్దుటి వెలుగులో కనిపించే లేత బూడిదరంగు బండ మీద పసుపు కలిసిన నారింజ పులిని, దాదాపు నలుపుగా కనిపించే మేకలను పెడితే మూడు మెట్లుగా వెలుగు విడిపోతుంది. వేసిన తరువాత రంగు పూర్తిగా తీసేసి నలుపు తెలుపుల్లో చూడండి. అందులోనూ పులి ముఖం విడిగా కనిపిస్తేనే కూర్పు సరైనదని నమ్మండి. ఆపైన మీ తరహా ఆటల జాబితా పేజీని స్క్రీన్‌షాట్ తీసి, అందులో ఒక కవర్ స్థానంలో మీ బొమ్మను అతికించి, రెండు రోజుల తరువాత తాజా కంటితో చూడండి. మన బొమ్మను ఒంటరిగా చూసుకుంటే ఎప్పుడూ బాగానే ఉంటుంది.

అక్షరాలబడి ఇచ్చిన సమాధానం:

రంగులపెట్టె గారు బొమ్మ గురించి చెప్పవలసినది చెప్పారు. నేను అక్షరాల రూపకల్పన చేసేవాడిని కనుక పేరు గురించి మాత్రమే రాస్తాను.

ముందుగా ఒక నియమం. కవర్ బొమ్మల మీద ఆట బొమ్మ, ఆట పేరు, అధికారికమైన ఉపశీర్షిక తప్ప వేరే రాత ఉండకూడదని స్టీమ్ 2022 సెప్టెంబర్ 1 నుంచి నియమం పెట్టింది. సమీక్షల మార్కులు, అవార్డుల పేర్లు, తగ్గింపు ధర, ఇంకో ఆట ప్రచారం, ఇవేవీ పెట్టకూడదు. మీ ‘డెమో సిద్ధం’ ముద్ర, ‘మన ఊరి అరుగు మీది ఆట’ అన్న వాక్యం రెండూ ఈ నియమానికి విరుద్ధమే. నియమం తప్పితే స్టోర్‌లో ప్రముఖ స్థానాల్లో చూపించే అవకాశం తగ్గుతుందని కూడా వారు చెప్పారు. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు తాత్కాలికంగా వేరే కవర్ పెట్టుకునే ఏర్పాటు విడిగా ఉంది, దాని గడువు ఒక నెల. మీ వాక్యం చక్కనిది. దాన్ని పేజీలోని చిన్న వివరణలో మొదటి మాటగా పెట్టండి.

ఇక లిపి. మీ ఆట పేరు విషయంలో మీరు అదృష్టవంతులు. తెలుగు పేర్లను చిన్న సైజులో చెడగొట్టేవి వత్తులు. ఒక్క వత్తు ఉన్నా దాని కోసం మొత్తం వరుసకు కింద చోటు వదలాలి, ఆ మేరకు అక్షరాలన్నీ చిన్నవైపోతాయి. పులిజూదంలో ఒక్క వత్తు కూడా లేదు. పు, లి, జూ, దం, మొత్తం నాలుగు అక్షరాలు. గీత దాటి కిందికి దిగేది ‘పు’ కొమ్ము ఒక్కటే. ఎందుకంటే ప, వ అక్షరాలకు కొమ్మును పక్కన తగిలిస్తే వేరే అక్షరంలా కనిపిస్తుంది కనుక కింద నుంచి తిప్పి రాస్తాము. ఆ కొమ్మును చేత్తో గీసేటప్పుడు కాస్త పొట్టిగా, పక్కకు సాగేటట్టు రాస్తే వెడల్పైన పెట్టెలో పేరు చక్కగా సర్దుకుంటుంది.

రామభద్ర మంచి ఫాంటే, స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతుంది కనుక హక్కుల చిక్కూ లేదు. అయితే అది శీర్షికల కోసం చేసిన బరువైన ఫాంటు. దాని చుట్టూ మీరు నల్లటి అంచు కూడా కట్టారని ఊహిస్తున్నాను, అందరూ అదే చేస్తారు. అంచు లోపలికి కూడా పెరిగితే సున్న మధ్యనున్న చోటు, ‘లి’ మీది గుడి లోపలి చోటు మూసుకుపోతాయి. గుడి మూసుకుపోయిందంటే ‘లి’ ఏ అక్షరమో తెలియదు. అంచు అవసరమైతే బయటివైపు మాత్రమే కట్టండి. ఇంకా మంచి దారి ఏమిటంటే, అక్షరాల వెనుక బొమ్మ భాగాన్ని చదునుగా, ఒకే వెలుగులో ఉంచడం. అప్పుడు అంచుతో పనే ఉండదు.

ఫాంటుతో సరిపెట్టకుండా నాలుగు అక్షరాలను చేత్తో గీయించండి. ‘జూ’ కొమ్ముదీర్ఘాన్ని సాగదీసి పులి తోకలా పైకి లేపవచ్చు, దాని మీద రెండు చారలు వేయవచ్చు. అలంకారం అక్కడితో ఆపాలి. ప్రతి అక్షరానికీ ఒక పంజా, ఒక కొమ్ము తగిలిస్తే చదవడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. స్టీమ్‌లో ఆయా భాషలవారికి వేర్వేరు కవర్లు చూపించే ఏర్పాటు ఉంది. కానీ స్టీమ్ తన తెరల మీద వాడే భాషల్లో తెలుగు లేదు. కనుక తెలుగువారికి తెలుగు పేరు, మిగిలినవారికి ఇంగ్లీషు పేరు చూపించే దారి మనకు లేదు. రెండు లిపులూ ఒకే చిన్న పెట్టెలో పెడితే రెండూ చదవలేని సైజుకు పడిపోతాయి. నా సలహా ఇది: 462×174 బొమ్మలో ఇంగ్లీషు అక్షరాల పేరు ఒక్కటే పెట్టె దాదాపు నిండేటట్టు ఉంచండి, పక్కన పులి ముఖం ఉంటే చాలు. హెడర్‌లోనూ, నిలువు బొమ్మలోనూ, ఆట కొన్నవారి లైబ్రరీలో కనిపించే 600×900 బొమ్మలోనూ తెలుగు పేరును ప్రధానంగా ఉంచి, ఇంగ్లీషును కింద చిన్నగా పెట్టండి. ఇంగ్లీషు అక్షరాల ఒంపును తెలుగు అక్షరాలను చూసే గీయించండి, అప్పుడు ఒకే ఇంటి పేర్లలా ఉంటాయి. ఈ రోజు మన లిపిని చదవలేనివారే మీ కొనుగోలుదారుల్లో ఎక్కువమంది అయి ఉండవచ్చు, వారు పేరు గుర్తుపెట్టుకుని మళ్లీ వెతకగలగాలి. వెతకడానికి వారి చేతిలో ఉండేది ఇంగ్లీషు అక్షరాలే.

రెండోప్రయత్నం ఇచ్చిన సమాధానం:

అక్షరాలబడి గారితో ఒక్క చోట ఏకీభవించలేకపోతున్నాను. చిన్న బొమ్మలో కూడా తెలుగు అక్షరం ఒకటైనా ఉండాలని నా అభిప్రాయం. చదవలేనివారికి అది ఒక ఆకారం. అలవాటు లేని ఆకారం కనుకనే చూపు ఒక క్షణం ఆగుతుంది. ‘పు’ ఒక్కదాన్నే ముద్రలా గీయించి పులి నుదుటి మీద చారల్లో కలిపేయవచ్చు. అది పేరు కాదు, బొమ్మలో భాగం. పేరు చదివించే బాధ్యత ఇంగ్లీషు అక్షరాలు మోస్తాయి. గుడిఅరుగు గారి కోరిక కూడా నెరవేరుతుంది.

నేను రాయదలచుకున్నది చిత్రకారులతో పని గురించి. మా మొదటి ఆటకు నేను చేసిన పొరపాటు చెబుతాను. చిత్రకారిణికి ఇరవై ఆటల కవర్లు పంపి, ఇలాంటిది కావాలన్నాను. ఆమె ఎంతో శ్రమపడి వేశారు. ఆ ఇరవైలోనూ కొంచెం కొంచెం ఉన్న బొమ్మ వచ్చింది, మా ఆట మాత్రం అందులో లేదు. తప్పు ఆమెది కాదు. మా ఆటలో ఏమి జరుగుతుందో ఒక్క వాక్యంలో నేను చెప్పలేకపోయాను. రెండో ఆటకు రాసిన కాగితంలో మొదటి వాక్యం ఇలా మొదలైంది: ఈ బొమ్మ చూసినవారికి ఫలానా భావం కలగాలి. తరువాత ఆట రెండు నిమిషాల వీడియో, ఎవరి కోసం చేశామన్న మాట, తప్పనిసరిగా ఉండవలసిన ఒకే ఒక్క వస్తువు, ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడని రెండు వస్తువులు రాశాను. రిఫరెన్సులు మూడే పంపాను, ఒక్కొక్కదాని పక్కన అందులో నాకు నచ్చింది వెలుగా, కూర్పా, అక్షరమా అన్నది స్పష్టంగా రాశాను.

మీ విషయంలో ఆ మొదటి వాక్యం రంగులపెట్టె గారు దాదాపు రాసిచ్చారు. దాన్ని మీ మాటల్లో తిరగరాసుకోండి, ఎందుకంటే పని మధ్యలో సందేహం వచ్చినప్పుడు తేల్చవలసింది మీరే.

ఒప్పందంలో కొన్ని సంగతులు ముందే తేల్చుకోవాలి. ఒక బొమ్మను అడగకండి. పులి, మేకలు, బండ, ఆకాశం, అక్షరాలు వేర్వేరు లేయర్లలో, అంటే విడివిడిగా జరుపుకోగల పొరల్లో, ఉన్న ఫైలును అడగండి. వెడల్పు పెట్టెకూ నిలువు పెట్టెకూ ఒకే కూర్పును కత్తిరిస్తే మేకల తలలు తెగుతాయి. లేయర్లు విడిగా ఉంటే నిలువు బొమ్మలో మేకలను కిందికి, పులిని పైకి జరుపుకోవచ్చు. ఆట కొన్నవారి లైబ్రరీలో పైన పరుచుకునే 3840×1240 బొమ్మ మీద అసలు రాత ఉండకూడదు, లోగోను దాని కోసం పారదర్శకమైన ఫైలుగా విడిగా ఇవ్వాలి. ఆ వెడల్పు బొమ్మ అంచులు తెరను బట్టి తెగుతాయి కనుక ముఖ్యమైనది మధ్యలో 860×380 మేరలోనే ఉండాలి. ఇవన్నీ మొదటే చెబితే చిత్రకారులు బొమ్మను చుట్టూ ఎక్కువ విస్తరించి వేస్తారు. చివర్లో చెబితే మళ్లీ వేయించుకోవాలి, మళ్లీ డబ్బు ఇవ్వాలి, అది న్యాయం కూడా. బొమ్మను పోస్టర్లకు, చొక్కాలకు వాడుకునే హక్కు ఉందో లేదో, ఎన్ని దిద్దుబాట్లు ధరలో కలిసి ఉన్నాయో రాతపూర్వకంగా ఉంచుకోండి. కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు ఆటలో వాడితే ఆ సంగతి వెల్లడించాలని స్టీమ్ 2024 జనవరి నుంచి అడుగుతోంది. చిత్రకారులు తమ పనిలో ఏమి వాడతారో మొదటి సంభాషణలోనే మర్యాదగా అడిగి తెలుసుకోవడం ఇద్దరికీ మంచిది.

డబ్బు తక్కువగా ఉంటే ట్రైలర్ హంగుల్లో తగ్గించుకోండి, కవర్‌లో తగ్గించుకోకండి. ట్రైలర్ చూడాలన్నా ముందు నొక్కాలి కదా.

కొత్త కవర్ పెట్టిన తరువాత అది పని చేసిందో లేదో తెలుసుకోవడం కూడా అంత తేలిక కాదు. గూగుల్ ప్లేలో రెండు బొమ్మలను వేర్వేరు జనానికి చూపించి పోల్చే ఏర్పాటు ఉంది; స్టీమ్‌లో అటువంటిది లేదు. కాబట్టి స్టీమ్ జరిపే డెమోల పండగ నెక్స్ట్ ఫెస్ట్, పండగ అమ్మకాలు, మీరు చేసే ప్రచారం ఏదీ లేని మామూలు వారాల్లో కవర్ మార్చండి. ఆ రోజు పేజీలో ఇంకేదీ, ఆట తరహాను చెప్పే ట్యాగులు కూడా, మార్చకండి. ముందు వారాలనూ తరువాతి వారాలనూ ఒకే చోటు నుంచి వచ్చిన చూపులతోనే పోల్చండి. వెతుకులాట ఫలితాలను వెతుకులాట ఫలితాలతో, సిఫార్సులను సిఫార్సులతో.

గుడిఅరుగు రాసిన జవాబు:

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ మాటలు చదివాక నిన్న రాత్రి కూర్చుని 120×45 పెట్టెలు ఒకే కాగితం మీద ముప్పై గీసి, పెన్సిలుతో కూర్పులు ప్రయత్నించాను. అందులో ఇరవై పైగా ఎందుకూ పనికిరాలేదు. మిగిలినవాటిలో రెండు నిలబడ్డాయి.

మొదటిది రంగులపెట్టె గారు చెప్పినదే: ముందు మేకల వీపులు, మధ్యలో పక్కచూపు చూస్తున్న పులి ముఖం. రెండోది నాకు తట్టినది: ఒక్క మేక ముఖం పెద్దగా, ప్రశాంతంగా మనవైపు చూస్తూ ఉంటుంది, దాని వెనుక మసకగా పులి. ఆటగాడు మేకల పక్షమే కనుక మేక ముఖం ముందుండటం న్యాయమని అనిపించింది. మా తాతగారు కూడా ఎప్పుడూ మేకలనే కోరుకునేవారు. పులులతో గెలవడం ఎవరికైనా వస్తుందనేవారు.

రెండింటినీ కుదించి ఆట గురించి ఏమీ తెలియని ఆరుగురికి చూపించి, ఏమి కనిపించిందో చెప్పమన్నాను. మొదటిదాన్ని చూసినవారు పులి చిక్కుకుందన్నారు, ఒకరు మాత్రం మేకలను చెట్ల మోడులు అనుకున్నారు. రెండోదాన్ని చూసినవారు పాడి పశువుల ఆట అన్నారు. నా మనసు రెండోదాని మీదే ఉంది, వారి మాటలు మొదటిదాని వైపు ఉన్నాయి. ఏమి చేయమంటారు? అక్షరాల విషయంలో ఇంగ్లీషు పేరును చిన్న బొమ్మలో ఒంటరిగా ఉంచడానికి ఒప్పుకుంటున్నాను. ‘పు’ను నుదుటి చారల్లో కలపడం నాకు ఎంతో నచ్చింది.

రంగులపెట్టె ఇచ్చిన సమాధానం:

ఆరుగురికి చూపించి, ‘బాగుందా’ అని కాకుండా ‘ఏమి కనిపించింది’ అని అడిగారు. సరైన పద్ధతి అదే. బాగుందా అంటే మన వాళ్లు మన ముఖం చూసి బాగుందంటారు.

మొదటిదానితోనే వెళ్లండి. మేక ముఖం పశువుల పెంపకాన్ని గుర్తుచేయడం సహజం. ఆ తరహా ఆటలను ఇష్టపడేవారు ఎందరో ఉన్నారు, 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీ తరువాత వారికి ఆ సంకేతాలన్నీ బాగా అలవాటు. వారు మీ పేజీకి వచ్చి కొట్టం, పొలం కోసం వెతుకుతారు. రెండో బొమ్మను పారేయకండి. లైబ్రరీలోని 3840×1240 బొమ్మకు అది చక్కగా సరిపోతుంది. అక్కడికి వచ్చేది ఆట కొన్నవారే కనుక, ఆ మేక చూపులోని ధీమా వారికి అర్థమవుతుంది.

మొదటిదానిలో మేకలు మోడుల్లా కనిపించడానికి కారణం బహుశా అన్నీ ఒకే ఎత్తులో, ఒకే వైపు తిరిగి ఉండటం. ఒక మేకను పక్కకు తిప్పి గడ్డం, కొమ్ము, చెవి మూడూ నీడలో విడిగా తెలిసేటట్టు పెట్టండి. ఆ ఒక్కటి మేక అని తెలిస్తే మిగిలినవి వాటంతట అవే మేకలవుతాయి. వాటి వీపుల అంచున పొద్దుటి వెలుగు సన్నని గీతలా పడితే ఇంకా మంచిది, కానీ ఆ గీత 184×69లో కూడా కనిపించేంత మందంగా ఉండాలి.

పులి చూపు విషయంలో ఒక చిన్న మాట. కనుగుడ్లు ఎటు తిరిగాయన్నది చిన్న సైజులో తెలియదు. తలనే తిప్పించండి. పులి తల తిరిగిన వైపు పేరు ఉండకూడదు. అటు ఇంకో మేక ఉండాలి, అంటే ఆ దారి కూడా మూసుకుపోయిందని తెలియాలి. పేరు రెండో పక్కన వస్తుంది. ఆ లెక్కన పెట్టెలో మూడో వంతు పులికి, మిగిలింది అక్షరాలకు పోతుంది, మేకలు రెండింటి కిందా పరుచుకుంటాయి. కొత్త గీత సిద్ధమయ్యాక ఇక్కడే పెట్టండి, రంగు వేయకముందే చూస్తాను.